పనిచేసే చేతులే పడకేస్తే...

సరుకుంది, మోసేవాళ్లు లేరు. పంట పండింది, కోసేవాళ్లు లేరు. మంచాలున్నాయి, పక్కన నిలబడి చూసుకునేవాళ్లు లేరు. మహమ్మారి అనగానే మనకు గుర్తొచ్చేది మరణాలే. కానీ అది ముందు దెబ్బకొట్టేది ఊరిని నడిపించే మనుషుల్ని. నూరేళ్ల కిందట బొంబాయిలో జరిగిందీ అదే, మొన్న హైదరాబాద్‌లో, తిరుపతిలో మన కళ్లముందు జరిగిందీ అదే. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే... నేర్చుకోవాల్సింది ఇంకా చాలానే ఉందనిపిస్తుంది!

1918 జూన్ 10. బొంబాయిలో ఏడుగురు పోలీసులు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. వాళ్లలో ఒకరు ఓడరేవు దగ్గర డ్యూటీ చేసేవాడు. వానలు మొదలయ్యే రోజులు కదా, మలేరియా అనుకున్నారు. కాదని తేలింది. మరేంటన్నది ఎవరికీ అంతుపట్టలేదు.

వారం పదిరోజులు గడిచాయో లేదో... ఓడల కంపెనీలో గుమస్తాలు మంచమెక్కారు. పోర్టు ట్రస్టులో కూలీలు, హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకులో ఉద్యోగులు, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనివాళ్లు, నాణేలు ముద్రించే టంకశాలలో కార్మికులు, రేచల్ ససూన్ మిల్లులో నేతపనివాళ్లు... అందరికీ ఒకటే జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు. నగర ఆరోగ్యాధికారి జె.ఎ.టర్నర్ ఈ వరసంతా రాసిపెట్టాడు. రాత్రిపూట దొంగ వచ్చినట్లు వచ్చిందన్నాడు.

ఆ జాబితాను ఇంకోసారి చదవండి. రేవు, బ్యాంకు, టెలిగ్రాఫ్, టంకశాల, మిల్లు. ఒక నగరం బతకడానికి ఏమేం కావాలో అవే! జబ్బుకు మన లెక్కలు తెలియకపోవచ్చు. కానీ నలుగురు కలిసి పనిచేసే చోటే దానికి దారి దొరుకుతుంది. అందుకే మహమ్మారి మొదటి చిరునామా ఎప్పుడూ పనిచేసే చోటే.

ఓడ దిగిన జ్వరం

మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. పదిలక్షలమందికి పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. వెళ్లేవాళ్లకూ వచ్చేవాళ్లకూ బొంబాయే పెద్ద రేవు. సైనికులతో పాటే ఇన్‌ఫ్లుయెంజా కూడా ఓడ దిగింది. అక్కణ్నుంచి రైలెక్కింది.

జూన్, జులైల్లో వచ్చింది మొదటి కెరటం. చాలామందిని మంచాన పడేసింది కానీ ప్రాణాలు తీసింది తక్కువే. హమ్మయ్య అనుకున్నారంతా. సెప్టెంబరులో మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్ని పట్టేసింది. పొద్దున బాగున్న మనిషి మర్నాటికి లేడు. అక్టోబరు 6న ఒక్క బొంబాయి నగరంలోనే 768 మంది చనిపోయారు. ఆ నెలలోనే మద్రాసును చుట్టేసి, నవంబరుకల్లా కలకత్తా చేరింది.

దేశం మొత్తమ్మీద ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ అంచనాయే. అప్పటి ప్రభుత్వ వైద్యాధికారి నార్మన్ వైట్ తొలి లెక్క 60 లక్షలు. 1921 జనగణన తర్వాత అది కోటీ పాతిక లక్షలకు పెరిగింది. ఆ తర్వాత చరిత్రకారులు, జనాభా నిపుణులు వేసిన లెక్కలు కోటీ ముప్ఫై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఉన్నాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది పోలేదు. 1911తో పోలిస్తే 1921లో దేశ జనాభా పెరక్కపోగా కాస్త తగ్గింది. మన జనగణన చరిత్రలో అలా తగ్గిన దశాబ్దం మళ్లీ లేదు.

పైరు నిలబడే ఉంది...

ఆ ఏడాది వానలు కూడా మోసం చేశాయి. దేశం చూసిన పెద్ద కరవుల్లో 1918 ఒకటి. యుద్ధం వల్ల అప్పటికే ధరలు మండిపోతున్నాయి. బియ్యం, జొన్నలు, బట్ట, ఉప్పు, కిరసనాయిలు... అన్నీ ప్రియమే. సెప్టెంబరులో మద్రాసు నగరంలో జనం దుకాణాల మీద పడి లూటీ చేశారు. సరిగ్గా అప్పుడే రెండో కెరటం వచ్చిపడింది.

అక్టోబరు అంటే ఖరీఫ్ కోతల కాలం. రబీకి దుక్కి దున్నే కాలం కూడా. రెండు పనులకూ మనుషులు కావాలి. ఈ జ్వరమేమో వింతగా ముసలివాళ్లనీ పసిపిల్లల్నీ మాత్రమే కాదు, ఇరవై నుంచి నలభై ఏళ్లలోపు వాళ్లను ఎక్కువగా తీసుకెళ్లింది. నాగలి పట్టేవాళ్లు, మిల్లులో మగ్గం నడిపేవాళ్లు, పిల్లలున్న తల్లులు... పోయింది వాళ్లే.

ఈ విషయం మీద తర్వాతి కాలంలో ఆర్థికవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. పల్లెల్లో జనం అవసరానికి మించి ఉన్నారనీ, కొందరు లేకపోయినా వ్యవసాయానికి నష్టం లేదనీ ఒక సిద్ధాంతం ఉండేది. అమెరికా ఆర్థికవేత్త థియోడర్ షుల్జ్ 1964లో దీన్ని 1918 నాటి భారతదేశ లెక్కలతో పరీక్షించాడు. ఆయన అంచనా ప్రకారం మహమ్మారి వల్ల వ్యవసాయంలో పనిచేసేవాళ్లు దాదాపు 8 శాతం తగ్గారు. 1916-17తో పోలిస్తే 1919-20లో సాగైన భూమి 3.8 శాతం తగ్గింది. అంటే, కోటి ఎకరాలు బీడుపడ్డాయన్నమాట! కాబట్టి ఊళ్లో ‘అదనపు’ మనిషంటూ ఎవరూ లేరన్నాడు షుల్జ్. ఆ లెక్క తీసిన పద్ధతి సరికాదంటూ 1967లో అమర్త్యసేన్ అభ్యంతరం చెప్పారు. తర్వాత ఇద్దరికీ నోబెల్ వచ్చింది. వాదం ఎలా ఉన్నా, అన్ని ఎకరాలు సాగు తగ్గడం మాత్రం లెక్కల్లో ఉన్నదే.

బొంబాయి మిల్లుల సంగతి ఇంకోలా ఉంది. యుద్ధకాలంలో యజమానులకు లాభాలు బాగా వచ్చాయి. కార్మికులకు మాత్రం పెరిగిన ధరలకు తగ్గ జీతాల్లేవు. పైన ఈ జ్వరం. జబ్బు నుంచి లేచిన కార్మికులు 1919 జనవరిలో సమ్మె కట్టారు. లక్షమందికి పైగా పని మానేసి రోడ్డుమీదికి వచ్చారు. మహమ్మారి పోయాక వ్యాపారం మామూలుగా మొదలవుతుందని అనుకుంటాం. కానీ బతికి బయటపడినవాళ్లు మునుపటి మనుషుల్లా ఉండరు. ఏం పోగొట్టుకున్నారో లెక్క అడుగుతారు.

డాక్టర్లు ఎక్కడ?

మరి వైద్యం? ఇక్కడే ఉంది అసలు విషాదం. ప్రభుత్వ వైద్యుల్లో చాలామందిని అప్పటికే యుద్ధానికి పంపేశారు. జిల్లాల్లో మిగిలింది అరకొర సిబ్బంది. వాళ్లనూ జ్వరం వదల్లేదు. పంజాబు ఆరోగ్యాధికారి ఆ రోజుల గురించి రాసిన నివేదిక చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చనిపోయినవాళ్లను తీసేసి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు చోటిచ్చే వ్యవధి కూడా ఆసుపత్రుల్లో లేదట. రైళ్లు నడిచాయి కానీ పెద్ద స్టేషన్లన్నిట్లో శవాల్నీ కొనఊపిరితో ఉన్నవాళ్లనీ దించాల్సి వచ్చిందట. తపాలా, టెలిగ్రాఫ్ అస్తవ్యస్తం. శ్మశానాల్లో చోటు చాల్లేదు.

మందు సంగతి సరేసరి. అసలు ఆ జబ్బుకు కారణం వైరస్ అన్న సంగతే అప్పటికి తెలియదు. మనుషుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను గుర్తించింది 1933లో. యాంటీబయాటిక్స్ రాలేదు. టీకా లేదు. ఉన్నదల్లా సేవ. వేళకు ఇంత గంజి, నీళ్లు, కప్పుకోవడానికి దుప్పటి, పక్కన ఓ మనిషి. ఇవి దొరికితే బతికే అవకాశం ఉండేది. అందుకే డాక్టర్లు లేనిచోట మామూలు మనుషులే ఆ పనికి పూనుకున్నారు. బొంబాయిలో ఎన్.ఎం.జోషి స్థాపించిన సోషల్ సర్వీస్ లీగ్ రంగంలోకి దిగింది. సూరత్ ప్రాంతంలో కల్యాణ్‌జీ మెహతా, కున్వర్‌జీ మెహతా సోదరులూ, వాళ్ల తోటి యువకులూ ఊరూరా మందులు పంచారు. పదేళ్ల తర్వాత బార్దోలీ సత్యాగ్రహంలో ముందున్నది ఆ సోదరులే. జనం వాళ్ల మాట ఎందుకు విన్నారో ఈ కథ తెలిస్తే అర్థమవుతుంది.

జ్వరం అందరికీ... చావు కొందరికే

గాలికి పేదా గొప్పా తేడా లేదంటారు. బొంబాయి లెక్కలు చూస్తే ఆ మాట నిజం కాదని తెలుస్తుంది. ఆ నగరంలో ఐరోపావారిలో వెయ్యికి 8 మంది చనిపోయారు. పార్శీల్లో 9 మంది. అంటరానివారిగా ముద్రవేసి మురికివాడలకు నెట్టిన కులాల్లో వెయ్యికి 61 మంది! ఒకటే నగరం, ఒకటే జ్వరం. తేడా అల్లా ఒక గదిలో ఎంతమంది పడుకుంటారు, రోజుకు ఎన్నిసార్లు తింటారు, మంచమెక్కితే ఎన్నాళ్లు పనికి వెళ్లకుండా ఉండగలరు... ఇవే.

ఇంకో తేడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య. మనదేశంలో ఆ జ్వరానికి మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువమంది చనిపోయారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో జబ్బుపడ్డ అందరికీ సేవ చేసేది ఆవిడే. కరవుకాలంలో అందరూ తిన్నాక మిగిలింది తినేదీ ఆవిడే. జీతంలేని నర్సు!

కోరంటి దవాఖానా

మరి మన దగ్గర? మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలు బొంబాయి అంతగా నష్టపోలేదు. దక్షిణాదికి, తూర్పుకి వచ్చేసరికి జ్వరం తీవ్రత తగ్గింది. నిజాం రాజ్యం పరిస్థితి వేరు. 1911లో కోటీ 33 లక్షలున్న జనాభా 1921 నాటికి కోటీ 24 లక్షలకు పడిపోయింది. హైదరాబాద్ నగరంలోనైతే అయిదు లక్షలమంది కాస్తా నాలుగు లక్షలయ్యారు. అంతా ఇన్‌ఫ్లుయెంజా వల్లే అనలేం. ఆ పదేళ్లలో ప్లేగు పదేపదే వచ్చింది. కరవూ వచ్చింది. ప్లేగు భయంతో ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ, నలుగురు పౌరుల్లో... కాదు, అయిదుగురిలో ఒకరు లేకుండాపోతే ఆ నగరంలో బజారు ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ రోజుల గుర్తు ఒకటి హైదరాబాదీల నోట ఇప్పటికీ ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్లు ‘కోరంటి దవాఖానా’ అంటారు. అంటువ్యాధులు సోకినవాళ్లను ఊరికి దూరంగా ఉంచడానికి 1915లో పెట్టిన క్వారంటైన్ ఆసుపత్రే తర్వాత నల్లకుంటకు వచ్చింది. క్వారంటైన్ అన్నమాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. 2020లో ‘క్వారంటైన్’ అని టీవీలో విన్నప్పుడు మనకు కొత్తమాటలా అనిపించింది. మన తాతలకు అది ఇంటిమాటే!

అమీర్‌పేటలో ఆ సాయంత్రం

2020 మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, మాదాపూర్ ప్రాంతాల్లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. కోచింగ్‌కని వచ్చిన పిల్లలూ, చిన్నచిన్న ఉద్యోగాలు చేసుకునే యువకులూ సంచులు భుజాన వేసుకుని పోలీస్‌స్టేషన్ల ముందు బారులు తీరారు. అనుమతి పత్రాలు తీసుకుని ఊళ్లకు బయల్దేరితే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. అర్ధరాత్రి దాకా రోడ్డుమీదే పడిగాపులు.

ఒక హాస్టల్ ఖాళీ అయితే ఏమవుతుంది? కింద టిఫిన్ సెంటర్ మూతపడుతుంది. ఎదురుగా ఉన్న కర్రీ పాయింట్, పక్కనే జిరాక్స్ షాపు, ఇస్త్రీ బండి, పాలపాకెట్లు వేసే కుర్రాడు, గదులు ఊడ్చే ఆమె... ఒకరి వెనక ఒకరు. వీళ్లలో ఎవరికీ వైరస్ సోకలేదు. అయినా అందరికీ దెబ్బతగిలింది. 1918లో మనుషులు జబ్బుపడి పనులు ఆగాయి. 2020లో మనుషులు జబ్బుపడకూడదని పనులు ఆపారు. ఆ తేడా చాలా పెద్దది. ఎన్నో ప్రాణాలు కాపాడిన తేడా. కానీ, ఆ భారం ఎవరి నెత్తిన పడిందన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారలేదు.

ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ ఆర్థిక వ్యవస్థ 23.9 శాతం కుంగిపోయిందని తొలి అంచనా చెప్పింది. వ్యవసాయం ఒక్కటే 3.4 శాతం పెరిగింది. నగరం కాలు నిలవనీయకపోతే మనిషి ఊరికే వెళ్లాడు. మే 1న వలస కార్మికుల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి స్టేషన్ నుంచే. దాదాపు 1200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు. నగరంలో భవనాలు కట్టే చేతులవి. వాళ్లు వెళ్లాక సిమెంటు ఉంది, ఇనుముంది, పని మాత్రం ఆగిపోయింది. కొద్దినెలల తర్వాత వాళ్లను వెనక్కి రప్పించుకోవడానికి టిక్కెట్లు కొని పంపిన బిల్డర్లూ ఉన్నారు.

బడులు మూతపడితే ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగాయి. పాఠాలు చెప్పిన పంతుళ్లు అరటిపళ్ల బండ్లు పెట్టుకున్న వార్తలు మనం చదివాం. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండువేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అదే నగరంలో మరోపక్క మందుల కంపెనీలకు తీరికలేదు. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌ను తయారుచేసింది. 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి వచ్చింది. జనవరి 16న దేశమంతా టీకాలు మొదలయ్యాయి. వేసినవాళ్లెవరు? పీహెచ్‌సీలో ఏఎన్ఎంలు. ఇంటింటికీ వెళ్లి పేరు రాసుకుని, భయపడేవాళ్లకు నచ్చజెప్పి తీసుకొచ్చింది ఆశా కార్యకర్తలు.

మంచం వారంలో... నర్సు నాలుగేళ్లకు!

2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలిలోని క్రీడా టవర్‌ను కొద్దివారాల్లోనే ఆసుపత్రిగా మార్చేశారు. ‘టిమ్స్’ అని పేరుపెట్టారు. మంచాలొచ్చాయి, ఆక్సిజన్ పైపులొచ్చాయి. మరి మనుషులు? బీఎస్సీ నర్సింగ్ చదవడానికి నాలుగేళ్లు పడుతుంది. ఎంబీబీఎస్‌కు హౌస్‌సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్లు. ఎంత డబ్బు పోసినా వాళ్లను నెలలో తయారుచేయలేం.

అందుకే ఉన్నవాళ్ల మీదే భారమంతా పడింది. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరేడు గంటలు మంచినీళ్లు తాగడానికి లేదు, బాత్రూమ్‌కి వెళ్లడానికి లేదు. ఇంటికెళితే పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి లేదు. అద్దెకుంటున్న ఇల్లు ఖాళీ చేయమన్న యజమానులున్నారు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బందిపై తీవ్రమైన దాడి చేస్తే ఏడేళ్ల వరకూ జైలన్నది. అంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. జూన్‌లో గాంధీ ఆసుపత్రిలో ఓ రోగి చనిపోతే బంధువులు జూనియర్ డాక్టరు మీద దాడిచేశారు. జూనియర్లు రోడ్డుమీద బైఠాయించారు. వాళ్లడిగింది భద్రత ఒక్కటే కాదు. కొవిడ్ రోగులందరినీ ఒక్క గాంధీకే పంపొద్దు, చికిత్సను మిగతా ఆసుపత్రులకూ విస్తరించండి, సిబ్బందిని పెంచండి అని. వాళ్ల కోపంలో ఓ పాలనా సూత్రముంది.

ఆ ఏడాది మే నెలలోనే కోల్‌కతాలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే 300 మందికి పైగా నర్సులు రాజీనామా చేసి సొంతూళ్లకు వెళ్లిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మణిపూర్ అమ్మాయిలు. ఒక రాష్ట్రంలో నర్సుల కొరత ఉంటే ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చుకుంటాం. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. అన్నిచోట్లా ఒకేసారి మంట అంటుకుంటే, అద్దెకు తెచ్చుకున్న నీళ్లకుండ ఎవరింటికి వాళ్లు పట్టుకుపోతారు!

రెండో కెరటం వచ్చేసరికి పరిస్థితి ఇంకా విషమించింది. 2021 మే 6న దేశంలో ఒక్కరోజే 4.14 లక్షల కొత్త కేసులు నమోదయ్యాయి. అప్పటికి మూడురోజుల ముందే కేంద్రం పీజీ వైద్య ప్రవేశ పరీక్షను కనీసం నాలుగునెలలు వాయిదా వేసింది. ఆఖరి సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థుల్ని స్వల్ప లక్షణాలున్నవాళ్లను చూసుకోవడానికి వాడుకోమంది. వందరోజులు కొవిడ్ డ్యూటీ చేస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యమిస్తామంది. చదువు పూర్తికాని పిల్లల్ని యుద్ధానికి పంపినట్లే కదా!

ప్రపంచవ్యాప్తంగా 2020 జనవరి నుంచి 2021 మే దాకా 80 వేల నుంచి లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది కొవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మనదేశంలో రెండు కెరటాల్లో వందలమంది డాక్టర్లు పోయారని భారతీయ వైద్య సంఘం చెప్పింది. నర్సులు, ఆయాలు, అంబులెన్సు డ్రైవర్లు, స్వీపర్ల లెక్క అంత సులువుగా దొరకదు.

ఒక ట్యాంకరు, ఒక చెక్‌పోస్టు

మే 10, 2021. తిరుపతి రుయా ఆసుపత్రి. ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమైంది. సరఫరాలో ఒత్తిడి తగ్గిపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. వాళ్లకు డాక్టర్లున్నారు, మంచాలున్నాయి. లేనిది గాలి. సరిగ్గా చెప్పాలంటే, లేనిది సమయానికి వచ్చే లారీ. ఆసుపత్రి అంటే నాలుగు గోడల మధ్య ఉండేదే కాదని ఆ రాత్రి తెలిసింది. ఆక్సిజన్ తయారుచేసే కార్మికుడు, ట్యాంకరు డ్రైవరు కూడా వైద్యసిబ్బందే. అంతకుముందు నెలలోనే విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు తొలి ఆక్సిజన్ రైలు వెళ్లింది. ఇనుము కరిగించే చోట తయారైన గాలి, వందల మైళ్ల అవతల ఎవరి ప్రాణమో నిలబెట్టింది.

అదే మే నెలలో ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కు వస్తున్న అంబులెన్సుల్ని సరిహద్దులో ఆపేశారు. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర రోగులు వాహనాల్లోనే ఎదురుచూశారు. ఆసుపత్రిలో ముందుగా పడక ఖాయం చేసుకుని ఉండాలన్నారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. హైదరాబాద్ ఆసుపత్రుల్లో పడకలు చాలవన్న భయం ఒకపక్క. జిల్లాల్లో పెద్దాసుపత్రుల్లేక హైదరాబాదే దిక్కయిన జనం ఇంకోపక్క. తప్పెవరిదని వాదించుకోవచ్చు. కానీ ఆ చెక్‌పోస్టులో ఆగింది నిజానికి అంబులెన్సు కాదు... ఒక్క నగరంలోనే వైద్యాన్ని పోగుచేసుకున్న మన అలవాటు.

పేరెలా వచ్చిందంటే...

1918 జ్వరానికి స్పానిష్ ఫ్లూ అని పేరు. నిజానికి అది స్పెయిన్‌లో పుట్టిందని ఆధారమేమీ లేదు. యుద్ధంలో ఉన్న దేశాలు సైనికుల ధైర్యం చెడుతుందని జబ్బు వార్తల్ని తొక్కిపెట్టాయి. స్పెయిన్ యుద్ధంలో లేదు. అక్కడి పత్రికలు ఉన్నది ఉన్నట్లు రాశాయి. ఆ దేశపు రాజు ఆల్ఫోన్సో కూడా మంచమెక్కాడు. దాంతో లోకమంతా జబ్బు అక్కడిదే అనుకుంది. నిజం చెప్పినందుకు స్పెయిన్‌కు దక్కిన బహుమానమది!

మర్చిపోవడమనే జబ్బు

1918 తర్వాత ఏం మారింది? మరుసటి ఏడాదే వచ్చిన కొత్త చట్టంతో ప్రజారోగ్యాన్ని రాష్ట్రాలకు అప్పగించారు. బాధ్యత వెళ్లింది కానీ దానికి తగ్గ డబ్బు వెళ్లలేదు. అయినా కొన్ని మంచిపనులు జరిగాయి. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1939లో ప్రజారోగ్య చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. మహమ్మారికీ వీటికీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో చూస్తే, మనవాళ్ల తొందరేమిటో అర్థమవుతుంది.

కొవిడ్ తర్వాత? ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు వచ్చాయి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు మొదలయ్యాయి. ఆశా కార్యకర్తలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది. సంతోషమే. కానీ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. కొవిడ్ కాలంలో ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న నర్సుల్ని వందల సంఖ్యలో 2021 జులైలో తెలంగాణలో తొలగించారు. రెండో కెరటం తగ్గి నెలరోజులు గడిచాయో లేదో! మొన్నటిదాకా ‘మీరే దేవతలు’ అనిపించుకున్న ఆ అమ్మాయిలు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కారు.

ఊరికి అగ్నిమాపక కేంద్రం ఉంటుంది. మంటలు లేని రోజున కూడా అందులో మనుషులుంటారు, వాళ్లకు జీతాలిస్తాం. దండగ అని ఎవరూ అనరు. ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు ఎక్కువుంటే మాత్రం ఖర్చులా కనిపిస్తుంది. అక్కడే వస్తోంది తేడా అంతా. ఆ ఒక్క నర్సు లేకపోతే ఆగేది వైద్యమొక్కటే కాదు. హాస్టలూ, టిఫిన్ సెంటరూ, మిల్లూ, పొలమూ ఆగిపోతాయి. నూరేళ్ల కిందట కోటి ఎకరాలు బీడుపెట్టుకుని మరీ మనం నేర్చుకున్న పాఠమది.

2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు మనమంతా గుమ్మాల్లో, బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం. పళ్లేలు మోగించాం. మనసారా కొట్టినవే ఆ చప్పట్లు. వాటికి అయిదు నిమిషాలు చాలు. ఓ నర్సు తయారవడానికి నాలుగేళ్లు కావాలి. తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో మనకు చెప్పిరాదు. బొంబాయి ఆరోగ్యాధికారి అన్నట్లు, దొంగలా వస్తుంది. ఆ రాత్రి మన వీధి ఆసుపత్రి తలుపు తడితే తీయడానికి లోపల ఎవరైనా ఉండాలి కదా!